పెద్ద ఇంజను ఒక్కటే చాలదు: జీపు చరిత్ర చెప్పే యంత్రశాస్త్ర పాఠం



ఎడ్లబండి తోలే రైతుకు బాగా తెలిసిన సంగతితో ఈ పాఠం మొదలుపెడదాం. పాత బండికి మామూలు ఎడ్ల బదులు బలమైన ఒంగోలు గిత్తలను కట్టాలనుకుంటే, రైతు ముందు బండినే చూస్తాడు. కాడి తట్టుకుంటుందా, నొగలు నిలుస్తాయా, ఇరుసు వంగదా, చక్రం ఊడకుండా పెట్టే సీల గట్టిగా ఉందా అని ఒక్కొక్కటీ పరీక్షిస్తాడు. గిత్తల బలం చక్రానికి చేరేది వీటి ద్వారానే. వీటిలో ఏ ఒక్కటి ఆగలేకపోయినా గిత్తలు ముందుకు పోతాయి, బండి వెనకే ఉండిపోతుంది.

మోటారు వాహనానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇంజను పుట్టించిన బలం క్లచ్చి, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, ఇరుసు అనే మెట్లు దిగి చక్రానికి చేరుతుంది. దారీ తెన్నూ లేని చోట నడిచే బండ్లకు ఈ మెట్లన్నీ మరీ ముఖ్యం. ఉన్న ఇంజను తీసి పెద్దది పెట్టాలన్న కోరిక అలాంటి బండ్ల యజమానులకు ఎనభై ఏళ్లుగా ఉంది. ఆ కోరిక ఎప్పుడు ఫలించింది, ఎక్కడ దెబ్బతిన్నది, దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఏమిటి? జీపు చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

1. ఇంజను గెలిపించిన పోటీ

1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలను ఒక తేలికపాటి బండి కోసం అడిగింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి. తొలి నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బరువు దాదాపు 590 కిలోలు మించకూడదన్నారు. అంత తేలికగా చేయడం ఎవరికీ సాధ్యం కాదని తేలాక ఆ పరిమితిని పెంచుతూ పోయి, చివరకు 2,160 పౌండ్లు, అంటే సుమారు 980 కిలోలు చేశారు.

బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు సహాయంతో, 1940 సెప్టెంబరు 23న తొలి నమూనాను హోలాబర్డ్ సైనిక స్థావరంలో అప్పగించింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కూడా పోటీలోకి వచ్చాయి. బాంటమ్, ఫోర్డ్ బండ్ల ఇంజన్లు సుమారు 45 హార్స్ పవర్ ఇచ్చేవి. విల్లీస్ బండి ఇంజను మాత్రం 60 ఇచ్చేది.

ఆ తేడా ఊరికే రాలేదు. విల్లీస్ ముఖ్య ఇంజనీరు డెల్మార్ రూస్, అప్పటికి 48 హార్స్ పవర్ మాత్రమే ఇస్తున్న పాత కారు ఇంజనును తీసుకొని, లోపలి భాగాలను ఒక్కొక్కటిగా సరిదిద్ది 60 దాకా తెచ్చాడు. ఇంజను పరిమాణం మారలేదు. అదే 2.2 లీటర్లు. కానీ ఆ ఇంజను బరువైనది. నమూనా బండి సైన్యం పెట్టిన పరిమితిని వంద కిలోలకు పైగా దాటింది. చిన్న ఇంజను పెట్టుకోవాలా, లేక మిగతా బండిని తేలిక చేయాలా అన్న ప్రశ్న ఎదురైంది. రూస్ రెండో దారి ఎంచుకున్నాడు. ఉక్కు రేకులు మార్చాడు. అవసరానికి మించి పొడవున్న బోల్టులను కూడా కత్తిరించి బరువు తగ్గించాడు. 1941 జులైలో 16,000 బండ్ల ఆర్డరు విల్లీస్‌కు దక్కింది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

పోటీలో నెగ్గింది ఇంజనే. కానీ ఆ ఇంజను వెనుక బిగించిన టి-84 అనే మూడు గేర్ల పెట్టె చిన్నది, తేలికైనది. యుద్ధంలో జీపు చేసిన చాకిరీకి అది బలహీనమైన భాగంగా పేరుపడింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2. చక్రం దగ్గర చేసే లెక్క

ఇంజనుకు సంబంధించి రెండు రాశులను వేరు చేసి చూడాలి. మొదటిది టార్క్, అంటే తిప్పే బలం. రెండోది సామర్థ్యం, అంటే ఆ పనిని ఎంత వేగంగా చేయగలదు అన్నది. గేర్లు టార్క్‌ను పెంచగలవు, కానీ అంతే నిష్పత్తిలో వేగాన్ని తగ్గిస్తాయి. సామర్థ్యాన్ని మాత్రం ఏ గేరూ పెంచలేదు. పైగా ఘర్షణ వల్ల కొంత పోతుంది.

యుద్ధకాలపు ఎం.బి. జీపు ఇంజను టార్క్ సుమారు 142 న్యూటన్-మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 2.665. ట్రాన్స్‌ఫర్ కేసులో చిన్న గేరు వేస్తే 1.97. ఇరుసు దగ్గర 4.88. ఈ మూడింటినీ గుణిస్తే 25.6 వస్తుంది. అంటే నష్టాలను పక్కన పెడితే, చక్రాల దగ్గరికి చేరే టార్క్ 142 × 25.6, దాదాపు 3,600 న్యూటన్-మీటర్లు. చక్రం వ్యాసార్ధం సుమారు 0.355 మీటర్లు. దానితో భాగిస్తే నేల మీద పడే తోపు 10,000 న్యూటన్ల పైచిలుకు.

ఇప్పుడు బండి బరువు చూడండి. ఇంధనంతో సహా సుమారు 1,100 కిలోలు. దాన్ని 9.8తో గుణిస్తే 10,800 న్యూటన్లు. మట్టి దారిలో టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. అప్పుడు నాలుగు టైర్లూ కలిసి పట్టగలిగేది 6,500 న్యూటన్లే. అంటే గేర్లలో కొంత నష్టమైనా సరే, అత్యల్ప గేరులో ఈ చిన్న ఇంజనే టైర్లు పట్టు తప్పేంత తోపు ఇవ్వగలదు.

దీని అర్థం ఏమిటి? రాళ్ల గుట్టను మెల్లగా ఎక్కడానికి పెద్ద ఇంజను అక్కరలేదు. అక్కడ హద్దు గీసేది ఇంజను కాదు, టైరు పట్టు.

మరి పెద్ద ఇంజను ఎందుకు? అదే బండి అయిదుకు ఒకటి వాలున్న ఎత్తును ఎక్కుతోందనుకోండి. వాలుకు ఎదురుగా కావలసిన బలం సుమారు 2,150 న్యూటన్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే 12 కిలోవాట్లు, అంటే 16 హార్స్ పవర్ సరిపోతుంది. అదే ఎత్తు గంటకు 60 కిలోమీటర్లతో ఎక్కాలంటే 36 కిలోవాట్లు, అంటే 48 హార్స్ పవర్ కావాలి. దొర్లుడు నిరోధం, గాలి, గేర్ల నష్టం కలుపుకుంటే 60 హార్స్ పవర్ ఇంజనుకు ఊపిరి ఆడదు. పెద్ద ఇంజను వల్ల కలిగే అసలు లాభం వేగంలో ఉంది. ఇసుకలో చక్రాలు వేగంగా తిరగాల్సి వచ్చినప్పుడు, బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, రహదారి మీద ఇతర బండ్లతో సమానంగా పోవాల్సినప్పుడు దాని అవసరం తెలుస్తుంది.

3. ఇంజను ముట్టకుండానే బలం పెంచిన 1945

యుద్ధం ముగిసే నాటికి విల్లీస్ ముందు కొత్త ప్రశ్న నిలిచింది. సైన్యం కొనకపోతే జీపు ఎవరికి అమ్మాలి? రైతులకు అమ్మాలనుకున్నారు. దున్నాలి, లాగాలి, పొలంలో యంత్రాలను తిప్పాలి. 1945లో సి.జె.-2ఎ అనే పౌర జీపు వచ్చింది.

దాని ఇంజను యుద్ధకాలపు 60 హార్స్ పవర్ ఇంజనే. మార్చినవన్నీ ఇంజను వెనుక ఉన్న భాగాలే. బలహీనమైన టి-84 తీసేసి, మరింత దృఢమైన టి-90 గేరుబాక్సు పెట్టారు. మొదటి గేరు 2.80 అయింది. ట్రాన్స్‌ఫర్ కేసు చిన్న గేరు 1.97 నుంచి 2.43కు పెరిగింది. ఇరుసు నిష్పత్తి 4.88 నుంచి 5.38 అయింది. మూడింటినీ గుణించి చూడండి: 36.6 వస్తుంది. పాత 25.6తో పోలిస్తే 43 శాతం ఎక్కువ.

ఇంజనులో ఒక్క మర కూడా తిప్పకుండా చక్రం దగ్గర టార్క్ 43 శాతం పెరిగిందన్నమాట. దానికి చెల్లించిన మూల్యం వేగం. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు అత్యల్ప గేరులో పాత జీపు గంటకు 10 కిలోమీటర్లు పోతే, కొత్తది 7 కిలోమీటర్లు పోతుంది. నాగలి లాగడానికి ఆ నెమ్మదే కావాలి.

ఈ చరిత్రలో నా దృష్టికి అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. బలం కావాలనగానే అందరి చూపూ ఇంజను మీదికి పోతుంది. 1945 నాటి ఇంజనీర్లు ముందుగా ఆ బలం దేనికోసమో అడిగారు. పొలంలో నెమ్మదిగా లాగడానికని జవాబు వచ్చింది. కాబట్టి గేర్లు మార్చారు.

4. ఇంజను పెరిగేకొద్దీ వెనక్కి జరిగిన సమస్య

1953లో వచ్చిన సి.జె.-3బి జీపులో ఇంజనుకే కొత్త తల పెట్టారు. కింది భాగం పాతదే. లోపలికి గాలి తెచ్చే వాల్వులను సిలిండర్ల పైకి తెచ్చి, 70 హార్స్ పవర్ దాటించారు. తల ఎత్తు పెరగడంతో ఇంజను పాత బానెట్ కింద పట్టలేదు. అందుకే ఆ జీపుకు ముఖం ఎత్తుగా ఉంటుంది. మన దేశంలో పాత జీపులు చూసినవారికి ఆ ఎత్తు బానెట్ బాగా పరిచయం. ఇంజను మారితే బండి ఆకారమే మారుతుందనడానికి అది కళ్లెదుట ఉన్న సాక్ష్యం.

అదే 1953లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, రూబికాన్ అనే రాళ్ల దారిలో జీపు యజమానులు సామూహిక యాత్ర మొదలుపెట్టారు. పని కోసం పుట్టిన బండి వినోదానికి కూడా ఉపయోగపడసాగింది. వినోదయాత్రకు బయలుదేరినవాడు అక్కడి దాకా రహదారి మీద వేగంగా పోవాలనుకుంటాడు. నాలుగు సిలిండర్ల ఇంజను తీసేసి, పెద్ద కార్ల ఇంజన్లు బిగించడం సొంత గ్యారేజీలలో మామూలైంది.

కంపెనీ కూడా ఆ దారినే పట్టింది. అప్పటికి జీపు యాజమాన్యం కైజర్ చేతిలో ఉంది. 1965లో బ్యూయిక్ వారి ఆరు సిలిండర్ల వి-6 ఇంజనును సి.జె.-5 జీపులో పెట్టారు. పరిమాణం 3.7 లీటర్లు, సామర్థ్యం సుమారు 155 హార్స్ పవర్, టార్క్ దాదాపు 319 న్యూటన్-మీటర్లు. పాత నాలుగు సిలిండర్ల ఇంజను టార్క్ 155 న్యూటన్-మీటర్లే. అంటే ఒక్కసారిగా రెట్టింపు. ఆ వి-6తో టి-90 కాక వేరే గేరుబాక్సులు వాడవలసి వచ్చింది. మొదట టి-86, 1960ల చివరికి టి-14.

ఎందుకో ఆలోచించండి. గేరు పంటి మీద పడే బలం టార్క్‌ను బట్టి ఉంటుంది. టార్క్ రెట్టింపు అయితే అదే పంటి మీద రెట్టింపు బలం పడుతుంది. పళ్లను వెడల్పు చేయాలి, లేదా చక్రాల వ్యాసం పెంచాలి, లేదా మేలైన ఉక్కు వాడాలి. వాటిని పట్టుకునే పెట్టె, బేరింగులు కూడా బలపడాలి. దృఢమైన గేరుబాక్సు సాధారణంగా బరువుగా, పొడవుగా ఉండటానికి కారణం ఇదే. గేరుబాక్సు పొడవు పెరిగితే వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టిదవుతుంది. పొట్టి షాఫ్టు నిటారుగా వంగి, యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరిగిపోతాయి. జీపు వంటి పొట్టి బండికి ఇది చిన్న సమస్య కాదు.

1970లో జీపు అమెరికన్ మోటార్స్ చేతికి వచ్చింది. 1972 నమూనాలలో ఆ కంపెనీ తన ఆరు సిలిండర్ల వరస ఇంజనును, 5 లీటర్ల వి-8ని సి.జె.-5లోకి తెచ్చింది. వాటి కోసం ముందు వెనుక చక్రాల మధ్య దూరాన్ని సుమారు 3 అంగుళాలు పెంచారు. ముందు ఇరుసు మార్చారు. 1941 నుంచి వస్తున్న స్పైసర్-18 ట్రాన్స్‌ఫర్ కేసును వదిలి డానా-20 పెట్టారు. పాత కేసు నుంచి వెనుక షాఫ్టు ఒక పక్కకు జరిగి బయటికి వచ్చేది. కాబట్టి వెనుక డిఫరెన్షియల్ కూడా పక్కకే ఉండేది. కొత్త కేసులో అది గేరుబాక్సుకు తిన్నగా వచ్చింది. కాబట్టి వెనుక ఇరుసు కూడా మారక తప్పలేదు. ఒక్క ఇంజను మార్పు ఎన్ని భాగాలను కదిలించిందో చూడండి.

అంతటితో అయిపోలేదు. 1976 నుంచి వాడిన వెనుక ఇరుసులో, చక్రం హబ్బు, షాఫ్టు రెండు ముక్కలుగా చేసి ఒకదానికొకటి బిగించారు. బరువు పనుల్లో ఆ అతుకు దగ్గర సమస్యలు వచ్చేవి. చాలామంది యజమానులు ఒకే ముక్కగా చేసిన షాఫ్టులు కొని వేసుకున్నారు. గేరుబాక్సు గట్టిపడ్డాక బలహీనత ఇరుసుకు చేరిందన్నమాట. కాడి మార్చాక సీల విరిగినట్టు.

బ్యూయిక్ వి-6 కథలో మరో మలుపు ఉంది. దాన్ని తయారుచేసే పనిముట్లను 1967లో కైజర్ కొనుక్కుంది. పెద్ద ఇంజన్లు ఉన్న అమెరికన్ మోటార్స్‌కు అది అక్కరలేదు. 1973 చమురు సంక్షోభం వచ్చేసరికి, పెట్రోలు తక్కువ తాగే ఇంజను కోసం వెతికిన జనరల్ మోటార్స్ 1974లో ఆ పనిముట్లను తిరిగి కొనుక్కుంది. జీపులో పెద్దదనిపించిన ఇంజనే పెద్ద కార్లలో పొదుపైన చిన్న ఇంజను అయింది. పెద్దది, చిన్నది అన్న మాటలు బండిని బట్టే ఉంటాయి.

5. కావాలనే తగ్గించిన సామర్థ్యం

ఇక బ్రిటన్‌కు వెళ్దాం. 1948లో పుట్టిన ల్యాండ్ రోవర్ మొదటి ఇంజను 1.6 లీటర్లు, 50 హార్స్ పవర్. 1965లో రోవర్ కంపెనీ జనరల్ మోటార్స్ నుంచి తేలికైన అల్యూమినియం వి-8 ఇంజను హక్కులు పొందింది. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో ఆ 3.5 లీటర్ల ఇంజను పెట్టారు. అక్కడ ఇంజనీర్లు ముందే ఆలోచించారు. టార్క్ అంతా వెనుక ఇరుసు ఒక్కటే మోయాలంటే అది చాలా బరువైనది కావాలి. అందుకే నాలుగు చక్రాలకూ ఎల్లప్పుడూ బలం అందే ఏర్పాటు చేసి, భారాన్ని రెండు ఇరుసులకు పంచారు.

1979లో అదే ఇంజనును, అదే రకం గేరుబాక్సును పొడవాటి ల్యాండ్ రోవర్‌లో కూడా పెట్టారు. అయితే రేంజ్ రోవర్‌లో 130 హార్స్ పవర్ దాటే ఇంజనును ఇక్కడ 91కి తగ్గించి బిగించారు. పెద్ద ఇంజను పెట్టి, దాని సామర్థ్యాన్ని ఎందుకు తగ్గించారు? మిగిలిన బండి పాతదే. డ్రమ్ము బ్రేకులు, ఆకు స్ప్రింగులు, గాలికి ఎదురు నిలిచే పెట్టె లాంటి ఆకారం. అలాంటి బండికి కావలసింది తక్కువ వేగంలోనే దొరికే టార్క్. గరిష్ఠ వేగం దానికి మేలు కన్నా ముప్పే ఎక్కువ చేస్తుంది. ఇంజనులో దాగి ఉన్న బలాన్ని పూర్తిగా వాడకపోవడం కూడా ఇంజనీరింగే.

6. మన దేశంలో జీపు: వేగం కోసం కాదు, ఖర్చు కోసం

మన దేశపు కథ వేరు. 1945లో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1949లో విడిభాగాలుగా వచ్చిన జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఎత్తు బానెట్ సి.జె.-3బిని ఇక్కడే తయారుచేసింది. 1952లో ప్రారంభమైన సమాజ వికాస పథకం బ్లాకు ఆఫీసులు, పోలీసు, అటవీ శాఖలు, ఎన్నికల విధులు – పల్లె ప్రజలకు ప్రభుత్వం జీపు రూపంలోనే కనిపించిన కాలం అది.

అమెరికాలో యజమాని వేగం కోసం ఇంజను మార్చాడు. ఇక్కడ మార్పుకు కారణం ఇంధనం ధర. 1973-74లో ప్రపంచ విపణిలో ముడి చమురు ధర దాదాపు నాలుగు రెట్లు అయింది. మన దేశంలో డీజిల్ ధర పెట్రోలు కన్నా తక్కువగా ఉండేది. పైగా డీజిల్ ఇంజను అదే దూరానికి తక్కువ ఇంధనం వాడుతుంది. పల్లెల్లో ప్రయాణికులను చేరవేసే జీపు యజమానికి ఈ రెండు లాభాలూ కలిస్తే అది బతుకుతెరువు లెక్క అవుతుంది.

మహీంద్రాకు 1963లో ఏర్పడిన ట్రాక్టర్ల సంస్థ ద్వారా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో సంబంధం ఉంది. ఆ బి-275 ట్రాక్టరు వంశపు డీజిల్ ఇంజను 1970లలో జీపులోకి వచ్చింది. పొలం పనికి పనికొచ్చే బండి కావాలని 1945లో విల్లీస్ కోరుకుంటే, ముప్పై ఏళ్లకు పొలంలోని ఇంజనే జీపులోకి వచ్చి చేరింది.

ఈ మార్పిడిలో భౌతికశాస్త్రం ఏం చెబుతుంది? డీజిల్ ఇంజనులో గాలిని చాలా ఎక్కువగా నొక్కుతారు. కాబట్టి దిమ్మె బరువుగా ఉండాలి. ముందు స్ప్రింగుల మీద భారం పెరుగుతుంది. ప్రతి సిలిండరు పేలుడూ బలమైన కుదుపు ఇస్తుంది. సగటు టార్క్ ఒకటే అయినా ఆ కుదుపులు క్లచ్చినీ గేరు పళ్లనూ ఎక్కువగా శ్రమ పెడతాయి. స్టార్టరు మోటారు, బ్యాటరీ కూడా పెద్దవి కావాలి.

ఇంకో చిక్కు వేగానిది. ట్రాక్టరు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. ఉదాహరణకు నిమిషానికి 2,000 చుట్లకే ఆగిపోయే ఇంజనును 5.38 నిష్పత్తి ఉన్న ఇరుసుకు కలిపామనుకోండి. పై గేరులో చక్రం నిమిషానికి 372 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లు. అంటే గంటకు 50 కిలోమీటర్లే. 4,000 చుట్లు తిరిగే పెట్రోలు ఇంజనైతే 100 దాకా పోతుంది. కాబట్టి నెమ్మదిగా తిరిగే ఇంజను పెట్టినప్పుడు ఇరుసు నిష్పత్తి తగ్గించాలి, లేదా గేర్ల సంఖ్య పెంచాలి.

కంపెనీ తర్వాతి అడుగులు ఈ రెండు చిక్కులనూ తీర్చే దిశగా పడ్డాయి. 1979లో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో నుంచి ఎక్స్‌డిపి 4.90 డీజిల్ ఇంజను తయారీకి లైసెన్సు తీసుకుంది. పేరులోనే వివరం ఉంది: 4 సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల వ్యాసం. పరిమాణం 2,112 ఘన సెంటీమీటర్లు. ట్రాక్టరు ఇంజను కన్నా చిన్నదే, కానీ కారు కోసం పుట్టినది కాబట్టి వేగంగా తిరుగుతుంది. 1982లో నాలుగు గేర్ల పెట్టె తయారీకి కొరియాకు చెందిన కియా నుంచి లైసెన్సు తీసుకుంది. మూడు గేర్ల స్థానంలో నాలుగు వచ్చాయి. 1980ల ఎం.ఎం.540 జీపు ప్యూజో ఇంజనుతో వచ్చి ఎంతో పేరు తెచ్చుకుంది. ఇంజను, గేరుబాక్సు రెండింటినీ మూడేళ్ల వ్యవధిలో సమకూర్చుకోవడం యాదృచ్ఛికం కాదు. ఒకటి లేకుండా రెండోది పూర్తి ఫలం ఇవ్వదు.

7. గ్యారేజీలో మరిచిపోయే రెండు విషయాలు

కంపెనీలు ఏళ్ల తరబడి చేసిన పనిని మన ఊళ్లలోని మేస్త్రీలు కూడా చేశారు. పాత పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజను బిగించడానికి, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య అడాప్టర్ ప్లేటు కోయించి, క్రాంకు షాఫ్టు మధ్యబిందువు, గేరుబాక్సు షాఫ్టు మధ్యబిందువు ఒకే గీత మీదికి తెచ్చేవారు. ఆ గీత వెంట్రుక వాసి తప్పినా క్లచ్చి, బేరింగులు నాలుగు రోజులు ఆగవు. పుస్తకం చదవకుండానే ఇంత కొలత సాధించిన చేతులను గౌరవించాలి. అయితే ఆ ఉత్సాహంలో రెండు విషయాలు వెనకబడుతుంటాయి.

మొదటిది బ్రేకు. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదివారు. గంటకు 60 కిలోమీటర్లతో పోయే బండి 90తో పోతే, ఆపడానికి 2.25 రెట్ల శక్తిని బ్రేకులు వేడిగా మార్చాలి. ఇంజను బరువు పెరిగితే అది ఇంకా ఎక్కువ. 60 హార్స్ పవర్ కోసం రూపొందిన డ్రమ్ములు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ వేడిని తట్టుకోలేవు. విరిగిన గేరు బండిని దారిలో ఆపుతుంది. చాలని బ్రేకు మాత్రం ఆపాల్సిన చోట ఆపదు. అక్కడ పోయేది ఉక్కు కాదు, ప్రాణం.

రెండోది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతుంది. చట్టం అనుమతించే మార్పులకు కూడా నిర్దేశించిన పద్ధతి ఉంది, వాటిని నమోదు పత్రంలో రాయించాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించింది. కొందరికి ఇది సృజనకు అడ్డుగోడ అనిపించవచ్చు. పైన చేసిన లెక్కలు చూశాక మాత్రం, ఆ మాటల వెనుక ఉన్న కారణం అర్థమవుతుంది. రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారికి మీ బండిలో ఏ ఇంజను ఉందో, ఏ బ్రేకు ఉందో తెలియదు.

8. ముగింపు

ఈ పాఠంలో తేలిన విషయాలను క్రోడీకరిద్దాం. 1945లో గేర్లు మార్చి, ఇంజను ముట్టకుండా బలం పెంచారు. 1965, 1972లలో ఇంజను పెంచి, వెనుక ఉన్న భాగాలను కూడా మార్చవలసి వచ్చింది. 1979లో బ్రిటన్‌లో పెద్ద ఇంజను పెట్టి, బండికి తగినంతే వాడారు. 1979-82లో మన దేశంలో ఇంధనం ఆదా కోసం ఇంజను మార్చి, దానికి తగిన గేరుబాక్సు తెచ్చుకున్నారు. దేశాలు వేరు, అవసరాలు వేరు. చేసిన పని మాత్రం ఒకటే: బలం పుట్టే చోటు నుంచి నేలను తాకే చోటు దాకా మొత్తం దారిని లెక్కలోకి తీసుకోవడం. ఏ యంత్రాన్ని మార్చబోయినా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. ఈ బలం ఎందుకు కావాలి, దారిలో దాన్ని ఎవరు మోయాలి?

ఆలోచించండి – చేసి చూడండి

1. ఎం.బి. జీపుకు టైరు వ్యాసార్ధం 0.355 నుంచి 0.40 మీటర్లకు పెంచితే, నేల మీద తోపు ఎంత శాతం తగ్గుతుంది? పట్టున్న నేల మీద టైరు జారేలోగా ఇరుసు షాఫ్టు మీద పడగలిగే టార్క్ పెరుగుతుందా, తగ్గుతుందా?

2. మీ దగ్గరున్న గేర్ల సైకిలులో ముందు, వెనుక పళ్ల చక్రాల పళ్లను లెక్కపెట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు ఏ జత వాడాలో నిష్పత్తితో చూపండి.

3. మీ ఊరి మెకానిక్‌ను అడిగి, అతను చూసిన జీపులలో తరచుగా విరిగే భాగం ఏదో తెలుసుకోండి. ఆ భాగం ఇంజను నుంచి చక్రం దాకా ఉన్న దారిలో ఎన్నో మెట్టు మీద ఉంది? అక్కడే ఎందుకు విరుగుతోందో కారణం రాయండి.